నిలువని వన్నె

ఆశ్వయుజ మాసములో ఏదో యొక తెల్లవారుజామున నిర్మల్ నుండి భైంసాకు వచ్చు బాటను పట్టినవారికి ఒక దృశ్యము కనబడును. బాటకు రెండు వైపుల నల్లరేగడి నేల. ఆ నలుపుపై అక్కడక్కడ నడుమెత్తున తంగేడు పొదలు విరియబూచి యుండును. అవి ఎవరో నాటినవి కావు. ఎవరును నీరు పోసి పెంచినవి కావు. పిల్లలు సంచులు చంకకు తగిలించుకొని ఆ పూలు కోయుచుందురు. సాయంకాలమునకు అవి బతుకమ్మలై తాంబాళములలో కొలువుదీరును. రాత్రికి చెరువులోనో వాగులోనో కలిసిపోవును. ఒక్క దినములో విరిసి ఒక్క దినములో ముగియు పసుపు అది. మరునాడు మరల పిల్లలు సంచులతో బయలుదేరుదురు.

రంగుల చరిత్ర చెప్పువారు సాధారణముగా ఉతికినను పోని రంగులనే మెచ్చుకొందురు. మంజిష్ఠ ఎరుపు, నీలిమందు నీలము అట్లు పేరుపొందినవే. అద్దకపువాని గొప్పయంతయు ఆ గట్టిదనములో నున్నదని మన పెద్దలును చెప్పిరి. పసుపు సంగతి వేరు. అది ఎండకు వెలియును, ఉతికిన కొలది పలుచబడును, సబ్బు తగిలిన ఎఱ్ఱబడును. ఇట్టి వన్నెను మన ప్రాంతపు జనులు పెండ్లికి, పండుగకు, గడపకు, దేవునికి ఏల ఏరుకొనిరి? నిలువని దానికి ఇంత మన్నన ఎట్లు కలిగినది? భైంసా చుట్టుప్రక్కల తోటలను, చేతిపనులను, కట్టుబట్టలను చూచుచు ఈ ప్రశ్నకు సమాధానము వెదకుదము.

మొదట మాట సంగతి. తెలుగులో 'పచ్చ' అన్నది ఒకే రంగు పేరు కాదు. ఆకుపచ్చయు పచ్చయే, పసుపుపచ్చయు పచ్చయే. లేతాకును పచ్చన అందుము. కామెర్లు సోకిన కంటిని సైతము పచ్చన అందుము. పసరు, పసిమి, పసిడి, పైరు, పసుపు, ఇవన్నియు ఒకే మూలమునుండి చిగిర్చిన మాటలని ద్రావిడ భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అనగా మన భాషలో పసుపు బంగారమునకు ఎంత చుట్టమో పైరునకును అంత చుట్టము. పచ్చగా బ్రతుకుమని పెద్దలు దీవించునప్పుడు ఏ పచ్చ అని ఎవరును అడుగరు. ప్రాణముతో నున్నదానికెల్ల అది పేరు. ప్రాణమున్నది వాడక తప్పదు. వాడిన చోట మరల చిగిర్పక తప్పదు. పసుపు కథకు ఈ మాటలోనే మొదలున్నదని మా తలంపు.

ఇక ఊరి సంగతి. భైంసా సరిహద్దు పట్టణము. ఇక్కడి బజారులో తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడును ఒకే బేరములో వినవచ్చును. 1956 వరకు ఈ ఊరు హైదరాబాదు రాష్ట్రములోని నాందేడు జిల్లాలో నుండెడిది. ఆ యేట నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరిగి నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రమునకు పోగా, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్ళు మాత్రము తెలుగు వైపు నిలిచి ఆదిలాబాదు జిల్లాలో చేరినవి. 2016 అక్టోబరులో నిర్మల్ జిల్లా ఏర్పడినప్పుడు భైంసా అందులోనికి వచ్చినది. పటములో గీతలు మారినవి గాని నేల మారలేదు. ఇది పత్తి నేల. ఒకప్పుడు నాందేడు, ఆదిలాబాదు ప్రాంతములలో గావరాణి యను దేశవాళి పత్తికి మంచి పేరుండెడిది. ఆ దేశవాళి పత్తి పువ్వును చూచినవారు ఎరుగుదురు: రేకులు పసుపు, అడుగున ఎఱ్ఱని మచ్చ. తొలినాడు పసుపుగా విచ్చి, వాడునప్పుడు ఎఱ్ఱబడి రాలిపోవును. మనకు తెల్లని బట్ట నిచ్చు చెట్టు తన పువ్వుకు మాత్రము పసుపునే ఎన్నుకొన్నది.

ఈ నేలమీద ఏడాది పొడుగున పసుపు తిరుగుచునే యుండును. ఫాల్గుణములో మోదుగులు పూచును. ఆ పూలను నీట కాచినచో నారింజ చాయ గల పసుపు దిగును. హోళీనాడు చల్లుకొను రంగు పల్లెలలోను, గోండు గూడెములలోను నిన్న మొన్నటివరకు ఇదియే. ఎండలు ముదిరినప్పుడు అడవిలో రేల చెట్లు ఆకు కనబడకుండ పూచి గుత్తులు గుత్తులుగా వ్రేలాడును. వానలు వెనుకపట్టునప్పటికి తంగేడు, బంతి, చామంతి. చలికాలమున కంది పూత. ఆపై నల్లరేగడిలో కుసుమ చేలు. ఒకటి వాడులోపల మరియొకటి విచ్చును. ఏ పువ్వును నిలువదు. పసుపు మాత్రము పొలిమేర దాటిపోదు.

ఈ పూలలో ఇంటివారెవరు, చుట్టములెవరు అని విచారించినచో వింత తోచును. దసరాకు మన వాకిళ్ళన్నియు బంతిపూల తోరణములతో నిండును. బంతి లేని బతుకమ్మను మన ఆడపడుచులు ఊహింపజాలరు. కాని బంతి పుట్టినిల్లు మెక్సికో దేశము. అచ్చటి ప్రజలు నేటికిని తమ పితృదేవతల పండుగకు, నవంబరు మొదటి దినములలో, సమాధులను ఈ పూలతోనే అలంకరింతురు. పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడల రాకపోకలు సాగిన పిదపనే అది మన దేశమునకు వచ్చినది. బతుకమ్మలో పేర్చు గుమ్మడి పువ్వు సైతము అమెరికా ఖండమునుండి వచ్చినదే; మనకు తొలినుండి యున్నది బూడిదగుమ్మడి. కాకతీయుల కాలములో ఓరుగంటి తోటలలో బంతి చెట్టు ఉండియుండదు. ఎక్కడినుండియో వచ్చిన పువ్వు నాలుగైదు వందల యేండ్లలో ఇంటి పువ్వై కూర్చున్నది. దానికి చోటు దొరకుటకు కారణము దాని వన్నె. ఆ వన్నెకు మన యింట అప్పటికే పీట వేసి యున్నది.

ఆ పీట వేసినది తంగేడు. ఇది ఈ నేల పుట్టువు. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిదప దీనిని రాష్ట్ర పుష్పముగా ప్రకటించిరి. ఆ గౌరవము తగినదే. అయితే తంగేడు చేసిన మరియొక సేవను మనము అంతగా తలచుకొనము. దాని పట్టలో తోలును ఊను గుణము మెండు. తోళ్ళు ఊనువారు లందలలో ఈ పట్టనే వేసి పచ్చితోలును చెప్పులకు, మోటబొక్కెనలకు పనికివచ్చు తోలుగా మార్చెడివారు. తంగేడు పట్టతో ఊనిన తోలునకు లేత పసుపు చాయ వచ్చును. బావి నీటిని పైకి తెచ్చి పైరు పచ్చగా నుంచిన మోట ఆ తోలుతో కుట్టినదే. పువ్వు గౌరమ్మ తల్లి సన్నిధికి చేరినది; పట్ట ఊరి చివరి లందలో మిగిలినది. పువ్వును నెత్తిన పెట్టుకొన్న ఊరు ఆ పట్టతో పనిచేసిన చేతులను మాత్రము చాలకాలము దూరముగా నుంచినది. తంగేడు చరిత్ర చెప్పునప్పుడు ఈ రెండవ సగమును విడిచిపెట్టరాదు.

ఇక పసుపు పంట. నిర్మల్ వైపు పల్లెలు, గోదావరి కావల ఆర్మూరు, బాల్కొండ, ఇటు జగిత్యాల, మెట్‌పల్లి, ఇది అంతయు పేరుగన్న పసుపు సీమ. మృగశిర కార్తెలో వానలు పడగనే కొమ్ములు నాటుదురు. పంట చేతికి వచ్చుటకు ఎనిమిది తొమ్మిది నెలలు పట్టును. ఆకు ఎండిన పిదప త్రవ్వి, దుంపలను కొమ్ములను వేరు చేసి, ఉడకబెట్టి, పది పదునైదు దినములు ఎండబోసి, పైపొట్టు పోవునట్లు మెరుగుపెట్టుదురు. పచ్చి కొమ్ములలో ఐదింట ఒక వంతు మాత్రమే ఎండుకొమ్ములుగా మిగులును. ఇంత జరిగినను ఆ కొమ్ములో నిజముగా రంగునిచ్చు పదార్థము నూటికి రెండు మొదలు ఐదు పాళ్ళే.

ఈ చెట్టునందు ఒక విశేష మున్నది. మన మడులలోని పసుపు విత్తనము కట్టదు. చక్కని వెన్ను వేసి పూయును గాని ఆ పువ్వు గింజ కాదు. గాలి దానిని మోయదు, పక్షి దానిని నాటదు. ఈ యేటి కొమ్ములలో కొన్నింటిని దాచి వచ్చు నేటికి మనుష్యుడు నాటవలసినదే. ఒక్క తరము రైతులు దాచుట మానినచో అక్కడితో ఆ పసుపు మడి ఆగిపోవును. వేల యేండ్లుగా అది మన దాక వచ్చినదనగా అన్ని తరములవారును విత్తనపు కొమ్ములను ఉడకబెట్టక విడిగా దాచిరని అర్థము. ఇంతకంటె మనుష్యుని చేతిమీద ఆధారపడిన పంటలు అరుదు.

ఆ చేతులవారికి తగిన ప్రతిఫలము దొరకినదా యన్న ప్రశ్నను చరిత్ర దాటవేయజాలదు. ధర ఒక యేడు ఎక్కి రెండేండ్లు దిగుట పసుపు రైతునకు అలవాటైన కష్టము. 2019 ఏప్రిలులో జరిగిన లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు నియోజకవర్గమునుండి 185 మంది అభ్యర్థులు నిలిచిరి. వారిలో నూటడెబ్బదికి పైగా రైతులే. గిట్టుబాటు ధరను, పసుపు బోర్డును కోరుచు వారు ఈ విధముగా తమ గోడు దేశమునకు వినిపించిరి. ప్రతి పోలింగు కేంద్రములోను పన్నెండు బ్యాలెట్ యంత్రములను వరుసగా పేర్చవలసి వచ్చినది. 2023 అక్టోబరులో జాతీయ పసుపు బోర్డు ప్రకటింపబడినది. 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రముగా అది ప్రారంభమైనది. విత్తనపు కొమ్మును దాచు రైతు మరుసటి యేడును దాచుటకు ధైర్యము కలుగునా లేదా అన్నదే ఆ బోర్డుకు అసలైన పరీక్ష.

కొమ్ము నుండి రంగుకు వత్తము. 1815లో వోగెల్, పెల్టియే యను ఇద్దరు శాస్త్రజ్ఞులు పసుపులోని రంగు పదార్థమును వేరుచేసి కుర్కుమిన్ అని పేరు పెట్టిరి. దాని నిర్మాణము 1910లో తేలినది. అద్దకపు దృష్టితో చూచిన దానికి ఒక మేలు, ఒక కీడు ఉన్నవి. బట్టకు పట్టించుటకు పటికవంటి కారపుద్రవ్యము అక్కరలేదు. నీట కలిపి ముంచిన చాలును, నూలు దానిని అందుకొనును. ఇది మేలు. వెలుతురు సోకిన కొలది ఆ పదార్థము విరిగిపోవును. ఇది కీడు. అందుచేతనే వర్తకమునకు బట్టలద్దువారు పసుపును ఒంటిగా నమ్ముకొనలేదు. ఇంటి ఇల్లాలు మాత్రము నమ్ముకొన్నది.

పసుపులో ఎరుపును దాగియున్నది. సున్నము తగిలిన అది ఎఱ్ఱబారును. పెండ్లికూతురు కాళ్ళకు పెట్టు పారాణి అదియే. కొమ్ములను నిమ్మరసముతో, వెలిగారముతో ఊరవేసి దంచిన కుంకుమ అగును. అనగా పాదమున పారాణి, నొసట కుంకుమ, చెంపను పసుపు, మూడును ఒక్క కొమ్ము బిడ్డలు. పడమటి దేశముల ప్రయోగశాలలలో క్షారమును గుర్తించుటకు పసుపు పూసిన కాగితమును వాడిరి. మన పెరటిలో పారాణి కలుపు ముత్తైదువ ఆ ప్రయోగమును చిటికెడు సున్నముతో ఎంతో ముందే చేసినది. కుసుమ పువ్వులో ఇందుకు భిన్నమైన ముచ్చట గలదు. అందులో పసుపు, ఎరుపు రెండు రంగులున్నవి. అద్దకపువాడు పూలను నీట పిసికి పసుపును ముందు కడిగి పారబోయును. మిగిలిన ఎరుపును క్షారముతో దింపి బట్టకు పట్టించును. ఎంత పసుపు ఈ విధముగా కాలువల పాలైనదో!

అద్దకమున నిలువని పసుపును నిలుపుటకు ఒక ఉపాయము కనిపెట్టినవారు భైంసాకు తూర్పున, నిర్మల్ పట్టణములో నున్నారు. వారు నకాషీలు. పదునేడవ శతాబ్దమున నిమ్మనాయుడను పాలకుడు చేతిపనివారిని పిలిపించి నిలిపెనని, ఆయన పేరనే ఊరికి నిర్మల్ అను పేరు వచ్చెనని చెప్పుకొందురు. వారు తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల జిగురుతో రంపపుపొట్టు కలిపి అతికి, పైన సుద్ద పూసి, రంగులు వేసి బొమ్మలు చేయుదురు. నల్లని పలకపై బంగారువన్నె గీతలతో చిత్రములు వ్రాయుదురు. ఆ బంగారములో బంగారము లేదు. మూలికల రసమును అవిసెనూనెతో కాచి తీసిన మెరుగు అది. పైన నూనెపూత పొరగా నుండుటచే గాలికి, చేతి తడికి అది చెదరదు. పసుపును బంగారముగా తోపించుట వారి నేర్పు. అది మోసము కాదు, ఎందుకనగా కొనువానికిని అది బంగారము కాదని తెలియును.

ఈ శిల్పము కొంతకాలము మరుగునబడి, హైదరాబాదు సంస్థానమున ప్రధానిగా నున్న సర్ అక్బర్ హైదరీగారి సతీమణి ప్రోత్సాహముతో మరల తలయెత్తినది. 1955లో నిర్మల్ కళాకారులు సహకార సంఘముగా ఏర్పడిరి. 2009లో నిర్మల్ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. రసములకు, మెరుగులకు బదులు ఎనామెలు రంగులు వచ్చి చాలకాలమైనది. కాని కర్రకు బదులు దొరకలేదు. పొణికి చెట్టు మెత్తన, తేలిక, ఉలికి లొంగును. అడవిలో అది అరుదైపోవుచున్నది. నిలిచెడి రంగును సాధించినవారికి సైతము, నాటి పెంచువాడు లేనిదే పని నిలువదని పొణికి చెట్టు చెప్పుచున్నది.

లోకములో ఇతరులును నిలిచెడి పసుపు కొరకు వెదకిరి. మన చిత్రకారులు హరిదళమును నూరిరి. అది పాషాణపు జాతి. ఐరోపాలో 1797లో క్రోమియమను లోహము కనుగొనబడిన పిమ్మట, సీసముతో దానిని కలిపి క్రోము పసుపును తయారుచేసిరి. సూర్యునివలె మండు ఆ రంగును చూచి చిత్రకారులు మురిసిపోయిరి. డచ్చి చిత్రకారుడు వాన్ గో 1888లో వ్రాసిన ప్రొద్దుతిరుగుడు పూవులలో ఆ పసుపు ఉన్నది. ఆ కాలపు చిత్రములలోని క్రోము పసుపు వెలుతురుకు గోధుమచాయకు తిరుగుచున్నదని 2011లో శాస్త్రజ్ఞులు కారణముతో సహా వివరించిరి. విషమును కలిపినను వన్నె నిలువలేదు.

ఆ క్రోము పసుపు మ్యూజియములోనే ఉండియున్నచో మనకు చింత లేదు. అది వంటింటికి వచ్చినది. బంగ్లాదేశములో 1980వ దశకమున వరదలకు తడిసి పసుపు కొమ్ములు మంకు పట్టగా, వాటికి మెరుపు తెచ్చుటకు మెరుగుపెట్టు మిల్లులలో సీసముతో కూడిన క్రోము పసుపును చల్లుట మొదలైనది. ఆ అలవాటు దశాబ్దముల పాటు సాగినది. గర్భిణుల రక్తములో కనబడిన సీసమునకు మూలము ఈ కొమ్ములేనని 2019లో పరిశోధకులు తేల్చిరి. అప్పుడు అంగళ్ళలోని పసుపు నమూనాలలో నూటికి 47 కల్తీవి. ప్రభుత్వము దాడులు చేసి, జరిమానాలు వేసి, ప్రజలకు తెలియజెప్పగా 2021 నాటికి ఆ సంఖ్య సున్నకు దిగినది. మన దేశమందును మెటానిల్ యెల్లో యను రంగును పసుపుపొడిలో కలుపుట అధికారులు అనేక మారులు పట్టుకొనిరి. ఈ కల్తీకి వర్తకుని దురాశ ఒక్కటే కారణము కాదు. కన్నుకు మెరియుదానినే కోరు కొనుగోలుదారుడును అందులో భాగస్వామి. మన శ్రోతలలో పసుపు కొనునది గృహిణులే గదా; కొంచెము మాసిన వన్నె గల కొమ్మును చూచి పెదవి విరువకుడని మనవి. ఇంటికి కొమ్ములు తెచ్చుకొని దంచుకొనుట లేక మరపట్టించుకొనుట పాతకాలపు చాదస్తము కాదు.

ఇక ఒంటిమీది పసుపు. మన పెండ్లిలో మైలపోలునాడు వధువునకు పసుపు పూసి నలుగు పెట్టుదురు. ఆ చేతులు తాకిన బట్టలన్నియు పసుపు పట్టును. మధుపర్కములు తెల్లని నూలుబట్టలే. అంచులను పసుపు నీట తడిపి కట్టుదురు. పుస్తెలు గ్రుచ్చునది పసుపుతాడు. కొత్తబట్ట ఏదైనను మూలను పసుపు బొట్టు లేనిదే తొడుగరు. తలపై అక్షింతలు, చేతికి కంకణము, గడపకు పూత, అన్నిటను అదియే. వెలిసిన తాటికి మరల పసుపు రాయుదురు. ఎండిన గడపకు మరల శుక్రవారము వచ్చును. గోదావరి యొడ్డున బాసరలో జ్ఞానసరస్వతీ దేవికి అలదిన పసుపును భక్తులు ప్రసాదముగా నోట వేసికొందురు. రాతి విగ్రహముపై సైతము పసుపును శాశ్వతముగా నుంచవలెనని ఎవరును తలంపలేదు. చదువు మొదలుపెట్టు పిల్లవాడు ఆ తల్లి ముంగిట అక్షింతల పసుపుతోనే లేచును.

ఈ వాడుక ఒక్క మతమునకు చెందినది కాదు. భైంసాలోని మరాఠీ ఇండ్లలో సంక్రాంతి మొదలు రథసప్తమి వరకు స్త్రీలు ఒకరినొకరు పిలుచుకొని హళదీ కుంకూ పంచుకొందురు. దక్కను ముస్లిముల పెండ్లిలో మాంఝా యను వేడుక గలదు. వధువు పసుపుపచ్చని దుస్తులు తొడిగి కూర్చుండగా చుట్టపక్కాలు పసుపు పూయుదురు. మైలపోలు అన్నను, మాంఝా అన్నను, కొమ్ములు వచ్చునది ఒకే చేను నుండి. ఈ పట్టణపు పేరు 2008లోను, 2020లోను మతకలహముల కారణముగా పత్రికలకెక్కినది. ఆ గాయములను మనము మరువలేము, మరువనక్కరయు లేదు. అయినను రెండు పేటలలోను పెండ్లికి ముందు ఆడవారు ఒకే విధముగా పసుపు కలిపి, ఒకే విధముగా పిల్ల చెంపను తాకి, ఒకే విధముగా కన్నీరు తుడుచుకొందురన్నదియు ఆ ఊరి చరిత్రలో భాగమే. పత్రికలకు అది వార్త కాదు గనుక ఇచ్చట చెప్పుచున్నాము.

నేటి పెండ్లిండ్లలో ఈ వేడుక హల్దీ యను పేరుతో పెద్ద ఉత్సవమైనది. పందిరి పసుపు, పూలదండలు పసుపు, వచ్చిన వారందరి బట్టలు పసుపు. ఒకప్పుడు తెల్లబట్ట కట్టుకొని వచ్చినవారు పసుపు మరకలతో తిరిగిపోయెడివారు. ఇప్పుడు మరక కనబడకుండ ముందే పసుపు బట్ట కట్టుకొని వత్తురు. దీనిని తప్పుపట్టనక్కరలేదు, వేడుకకు కాలము కొత్తబట్ట తొడుగును. ఆ రెండింటి తేడాను మాత్రము గుర్తుంచుకొనవలెను. అంగడిలో కొన్న పసుపు ఉతికినను పోదు. అత్త చేయి అంటించిన పసుపు నాలుగు ఉతుకులకు పోవును. అది పోవులోపల పిల్ల కాపురమునకు అలవాటుపడును.

ఈ వన్నె చరిత్రలో ఒక చీకటి మూల కూడ నున్నది. దినదినము పూసికొనవలసిన పసుపును ఒకనాడు పూయవద్దని ఆజ్ఞాపించుటయు సులభమే. భర్త పోయిన స్త్రీకి మన సమాజము చేసినది అదియే. పుట్టిన పసిబిడ్డగా పూసిన పసుపు, ఆడపిల్లగా పెట్టుకొన్న కుంకుమ, పెండ్లి నాటికంటె ముందే ఆమెవి; వానిని భర్తతోబాటు తీసివేయుట ఏ న్యాయము? పుట్టింటివారు కూతునకు పసుపు కుంకుమ క్రింద భూమి నిచ్చుట మన తెలుగునాట పాత ఆచారము. నిలువని వన్నె పేర నిలుచు నేల నిచ్చిన ఆ పెద్దలకు దాని విలువ తెలియును. కొల్హాపురము జిల్లాలోని హేర్వాడ గ్రామసభ 2022 మే నెలలో, భర్త పోయిన స్త్రీల బొట్టు చెరుపుట, గాజులు పగులగొట్టుట వంటి ఆచారములను మాన్పుచు తీర్మానము చేసినది. ఇతర గ్రామములు దానిని ఆదర్శముగా తీసికొనవలెనని మహారాష్ట్ర ప్రభుత్వము అదే నెలలో సూచించినది. భైంసాకు మహారాష్ట్ర ఎల్లకంటె ఆ తీర్మానము దూరము కారాదు.

మనము మొదట వేసికొన్న ప్రశ్నకు మరలుదము. నిలువని వన్నెను మన పెద్దలు ఏల మన్నించిరి? వారికి నిలుచు రంగులు తెలియక కాదు. అద్దకములో వారు ఆరితేరినవారు. పసుపును మాత్రము వారు సొత్తుగా గాక పనిగా భావించిరని తోచుచున్నది. విత్తనము కట్టని కొమ్మును ఏటేట నాటవలెను. వెలిసిన తాటికి, ఎండిన గడపకు మరల పూయవలెను. నీటిలో కలిపిన బతుకమ్మకు మరునాడు మరల పూలు తేవలెను. బతుకమ్మపై నుంచిన పసుపు గౌరమ్మను సైతము నిమజ్జనము కాగానే తలా కొంచెము తీసికొని పుస్తెలకు అద్దుకొందురు; పాత్రలో ఏమియు మిగుల్చరు. ఒక్కమారు చేసి మరచిపోవు వీలు పసుపులో లేదు.

బతుకమ్మల చివరి రాత్రి గడచిన మరునాడు భైంసా వాగు గట్టున నిలిచినచో నీటి అంచున వాడిన తంగేడు రేకులు ఒడ్డుకు చేరి కనబడును. నల్లమట్టిపై అవి ఇంకను కొంచెము పసుపుగానే ఉండును. రెండు దినములలో అవియు మట్టిలో కలియును. చేలలో అప్పటికి పసుపు ఆకు మనిషి నడుము దాటి పెరుగుచుండును.